పిచ్చియ్య వాంగ్మూలం

మా తమ్ముడు రామబ్రహ్మానికి నా తెలుగు మీద ఉన్నట్టుండి గౌరవం పుట్టుకొచ్చింది. ఆదివారం పొద్దున్నే నరసరావుపేటలో నా ఇంటి ముందు కారు ఆపి, చంకలో ఫైలు పెట్టుకుని లోపలికొచ్చాడు. కాఫీ కలపనా అని అడిగేలోపే మొదలుపెట్టాడు.

"అక్కా, ముప్పై ఒక్క ఏళ్లు కాలేజీలో పాఠాలు చెప్పినదానివి. నువ్వు రాస్తే తిరుగుండదు. ఒక్క పేజీ రాసిపెట్టాలి."

వాడు నన్ను పొగిడాడంటే ఎక్కడో కొంప మునిగిందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మునిగింది ఎవరి కొంపో కూడా తెలుసు. పదకొండు రోజుల కిందట, బుధవారం నాడు, గురజాల దగ్గర మా నాపరాయి క్వారీలో, రాయి తీయగా నిలువుగా మిగిలిన గోడ విరుచుకుపడి శివనాగరాజు చనిపోయాడు. ఇరవై ఏడేళ్లవాడు. అతని తండ్రి పిచ్చియ్య మా నాన్న కాలం నుంచీ ఆ క్వారీలో మేస్త్రి. క్వారీ నడిపేది తమ్ముడే అయినా ఆ నాలుగెకరాలూ నాన్న నా పేర రాశాడు. ఏడాదికోసారి కాగితం వస్తుంది, సంతకం పెడతాను. అంతటితో నా పని అయిపోయిందనుకుంటాను.

"ఏం రాయాలిరా?"

"పిచ్చియ్య వాంగ్మూలం. మైన్స్ ఆఫీసరు అడుగుతున్నాడు. వాడికి చదువు రాదాయె. మనం రాసి వేలిముద్ర వేయించాలి."

"ఏం చెప్పాడు పిచ్చియ్య?"

"చెప్పేదేముంది? ఆ రోజు గోడ చూసింది వాడు. బాగుందన్నాడు. పడింది. అసలు సంగతేందంటే వాడికి చెవుడు. పదేళ్లుగా చెవుడు దాచిపెట్టి గోడ పరీక్ష చేస్తన్నాడు. అది కూడా వాడి నోటితోనే వచ్చినట్టు రాయి. ఇదిగో, ఇది నీ ఒప్పుదల కాగితం. కింద సంతకం పెట్టు. గురువారం క్వారీ తెరవాలి."

"ఎక్కడ పని మొదలుపెడతావు?"

"ఎక్కడేంది, అదే గోడ. సగమేగా పడింది."

ఆ పరీక్ష ఏమిటో చెప్పాలి. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాంటిదే. మా క్వారీలో పొద్దున్నే ఎవరూ కిందికి దిగకముందు మేస్త్రి గోడ పొడుగునా సుత్తితో కొట్టుకుంటూ పోతాడు. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల పొర విడిచిన రాయి డొల్లగా మోగుతుంది. "గోడ పలికింది" అని మేస్త్రి అంటే అందరూ దిగుతారు. "పలకలేదు" అంటే గట్టు మీదే కూర్చుంటారు, ఆ మాటకు యజమాని కూడా ఎదురు చెప్పకూడదు. మా నాన్న కోపిష్టి, నోటి దురుసు మనిషి, అయినా ఒక వానాకాలం వరసగా తొమ్మిది రోజులు పని ఆపి కూర్చున్నాడు తప్ప ఆ మాట దాటలేదు.

పిచ్చియ్య బాగుందన్నాడని తమ్ముడు చెప్పింది పచ్చి అబద్ధం. అది నాకెలా తెలుసంటే, గోడ పడడానికి రెండు రోజుల ముందు, సోమవారం, పిచ్చియ్య తన కోడలు, శివనాగరాజు భార్య మహేశ్వరిని వెంటబెట్టుకుని గురజాల నుంచి బస్సులో మా ఇంటికొచ్చాడు. గోడ పలకడం లేదని చెప్పాడు. అయ్యగారు, అంటే మా తమ్ముడు, సుధీర్ బాబు అనే ఇంజనీరును తెచ్చి, గోడకు గట్టిదనం చూసే మిషన్ ఆనించి, బాగుందని కాగితం రాయించారని చెప్పాడు. నేల నాది గనక నన్నొక మాట అడ్డం వేయమన్నాడు. నేను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఆ కాగితం ఫోటో తీసి పంపాడు. స్టాంపు ఉంది, సంతకం ఉంది, అంకెలున్నాయి. ఏం భయం లేదులే అని చెప్పి వాళ్లను పంపించేశాను.

అదీ నేను చేసిన ఘనకార్యం. ఇప్పుడు నా ఉద్యోగం సంగతి చెబుతాను, వింటే మీకూ ఒళ్లు మండుతుంది. నేను చెప్పింది తత్వశాస్త్రం. పీహెచ్‌డీ చేసింది చార్వాకుల మీద, లోకాయతుల మీద. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం, ఈ ఐదూ పట్టిచ్చిందే జ్ఞానం, మిగతాదంతా ఊహ, లేదా ఎవరో చెప్పిన మాట అన్నవాళ్లు వాళ్లు. మట్టి, నీరు, నిప్పు, గాలి, ఈ నాలుగే ఉన్నాయన్నారు. ఐదోదైన ఆకాశాన్ని ఒప్పుకోలేదు, అది ఒంటికి తగలదు గనక. అప్పు చేసి నెయ్యి తాగమన్న బాపతు కదండీ మేడం అని పిల్లలు నవ్వితే నాకు ఎక్కడలేని కోపం వచ్చేది. "చెప్పుడు మాటల మీద బతికే దేశంలో, ఒరేయ్, నీ కన్ను నువ్వు నమ్మరా అని మొదట అన్నది వాళ్లు" అని బల్ల గుద్ది చెప్పేదాన్ని. ముప్పై ఒక్క బ్యాచ్‌లకు బల్ల గుద్దాను. తీరా తన ఒంటితో తెలుసుకున్న మనిషి ఒకడు నడిచి మా వరండాలోకి వస్తే, స్టాంపు వేసిన కాగితాన్ని నమ్మాను. నా పీహెచ్‌డీని పొయ్యిలో పెట్టాలి.

"నేను క్వారీకొస్తాను. పిచ్చియ్య చెబితే విని అక్కడే రాస్తాను" అన్నాను.

"ఇప్పుడక్కడికి ఎందుకక్కా, ఎండలో? నేను చెబుతున్నాగా."

"నువ్వు చెప్పేది పిచ్చియ్య వాంగ్మూలం ఎట్లా అవుతుందిరా? పద."

నకరికల్లు దాటేదాకా వాడు ఆపకుండా మాట్లాడాడు. కుటుంబం పరువన్నాడు, నాన్న పేరన్నాడు. నేను వినలేదు. నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. లోకాయతులు రాసుకున్న గ్రంథాల్లో దాదాపు ఏవీ మిగల్లేదు. వాళ్లేమన్నారన్నది వాళ్లను తిట్టినవాళ్ల పుస్తకాల్లో నుంచే ఏరుకోవాలి. ఎదుటివాడి మాటను ముందు తమకు అనువుగా వంకరగా రాసుకుని, తర్వాత దాన్ని ఖండించారు. ఆ పండితులను నేను క్లాసులో దొంగలని తిట్టేదాన్ని. ఇప్పుడు అదే పని నా చేత చేయించడానికి మా తమ్ముడు ఏసీ కారులో తీసుకుపోతున్నాడు.

పిచ్చియ్య ఇల్లు క్వారీకి కూతవేటు దూరంలో ఉంది. రేకుల వరండాలో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. అరిస్తే సగం అందుతుంది అతనికి, మిగతా సగం పెదాలు చూసి పట్టుకుంటాడు. మహేశ్వరి లోపలి నుంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ పిల్లకు ఇరవై మూడేళ్లుంటాయేమో. నన్ను రమ్మనలేదు, కూర్చోమననూ లేదు.

"పిచ్చియ్యా, గోడ పలకలేదని నీకెట్లా తెలిసింది? నాకు చూపించు" అని అరిచాను.

అతను మూలనున్న పొడుగాటి గడ్డపార తీసుకుని నడిచాడు. మహేశ్వరి సుత్తి తీసుకుంది.

క్వారీలో గోడ కూలిన చోట రాళ్లు ఇంకా గుట్టగా పడే ఉన్నాయి. మిగిలిన సగం ఇరవై అడుగుల ఎత్తున నిలబడి ఉంది. పిచ్చియ్య నన్ను దాని కిందికి పోనివ్వలేదు. పక్కగా గట్టు మీది నుంచి చెయ్యి చాస్తే గోడ పైభాగం అందే చోట నిలబెట్టాడు. గడ్డపార ఒక కొన గోడకు ఆనించి, రెండో కొన పళ్లతో కరిచి పట్టుకున్నాడు. మహేశ్వరి వంగి రాయి మీద సుత్తితో కొట్టింది. అతను కళ్లు మూసుకుని తలూపాడు. తర్వాత గడ్డపార నాకిచ్చాడు.

"మీరు పట్టండమ్మా. గట్టిగా కరవండి. పెదం తగలనియ్యమాకండి."

కరిచాను. ముందు మంచి చోట ఆనించమన్నాడు. సుత్తి దెబ్బ పడగానే నా పళ్లు జిల్లుమని, ఆ జిల్లు దవడ లోంచి నెత్తికెక్కి చెవుల వెనక చానాసేపు తిరిగింది. నాలుగడుగులు పక్కకు జరిపించి, అక్కడ కొట్టించాడు. ఏమీ రాలేదు. ఎవరో తలుపు అవతల దుప్పటి దులిపినట్టు ఒక చిన్న అదురు, అంతే, అక్కడికక్కడే చచ్చిపోయింది. ఇంకోసారి కొట్టమన్నాను. అంతే. మూడోసారి అంతే. నా అరవై మూడేళ్ల బతుకులో ఒక విషయం నాకు ఇంత గట్టిగా ఎప్పుడూ తెలియలేదు. దానికి చెవితో పనే లేదు.

"చెవి పోయినాకే నాకు బాగా తెలిసిందమ్మా" అన్నాడు పిచ్చియ్య. "ఇరవై ఏళ్లు మీ కంప్రెసరు పక్కన నిలబడితే చెవులు పోయినయ్. ఆ మోతలో చెవులున్నోడికి మాత్రం రాయి మాట ఏం వినపడుద్ది? పనోళ్లు ఎనిమిది మందీ నన్నే చూసి దిగేవాళ్లు. దాచిందేముంది? అయ్యగారికి తెలుసు. ఊరంతటికీ తెలుసు."

"మరి మిషన్?"

కిందికి వేలు చూపించాడు. పడకుండా మిగిలిన గోడ మీద సుద్దతో మూడు గుండ్రాలు గీసి ఉన్నాయి, మూడూ నిలువెత్తు మనిషి ఛాతీ ఎత్తున.

"మిషన్ అబద్ధమాడలేదమ్మా. పెట్టినకాడ బాగుందంది. కింద నిజంగానే బాగుంది. పొర విడిచింది పైన. నిచ్చెనెక్కమన్నా. ఆ ఇంజనీరు బాబు ప్యాంటు చూసుకున్నాడు."

తమ్ముడు అప్పటిదాకా కారు దగ్గరే నిలబడినవాడు విసవిసా వచ్చాడు. "ఏందక్కా ఈ నాటకం? పళ్లతో రాయి వినపడిందని రాస్తే ఆఫీసరు నవ్వడా?"

"నవ్వనీ. ముందు నువ్వు పట్టు" అని గడ్డపార వాడి ముందుకు చాచాను.

వాడు ఒకడుగు వెనక్కి వేశాడు. "వాళ్ల నోట్లో పెట్టుకున్నది నేను పెట్టుకోవాలా?"

నాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది. మనిషి చచ్చినా, మిగిలిన ఏడుగురూ గురువారం ఆ గోడ కిందికి దిగాల్సి ఉన్నా, వాడికి ఆ గోడ మీద అనుమానం లేదు. ఎంగిలి మీద ఉంది. నిజం వాడి పళ్లకు బెత్తెడు దూరంలో ఉంటే ఎంగిలని నోరు మూసుకున్నాడు. చెడామడా తిట్టాను. చిన్నప్పుడు కూడా వాణ్ణి అన్ని మాటలు అనలేదు. నేను కూడా గడ్డపారను కొంగుతో తుడిచాకే కరిచాను. మహేశ్వరి అది చూసింది. అది కూడా చెప్పకపోతే నేనూ వాడి అక్కనే.

వరండాలోకి వచ్చి కాగితాలు తీసుకుని కూర్చున్నాను. పిచ్చియ్య చెబుతుంటే రాశాను. శనివారం నుంచీ గోడ పలకలేదనీ, నాలుగు రోజులూ అదే మాట చెప్పాననీ, బుధవారం ఎనిమిది మందీ గట్టు మీదే కూర్చున్నారనీ, అయ్యగారు వచ్చి, దిగకపోతే కృష్ణ అవతలి నుంచి వేరే మనుషుల్ని తెస్తానన్నారనీ, ఇంజనీరు కాగితం తీసి శివనాగరాజు చేతిలో పెట్టారనీ.

"అతనికే ఎందుకు?" అన్నాను.

జవాబు మహేశ్వరి చెప్పింది. "వాళ్లలో చదువొచ్చినోడు ఆయనొక్కడే. అయినా ఇంగ్లీషులో ఉండేతలికి ఇంటికి పట్టుకొచ్చాడు. నేను ఇంటర్ చదివాగా. చదివి, గోడ బాగుందంట అని చెప్పా. ముందు నేను దిగుతా, నన్ను చూసి మీరు రండి అని వాళ్లతో చెప్పి దిగాడంట." ఆ పిల్ల ఏడవలేదు. నేల వైపు చూస్తూ చెప్పింది. నేను రాశాను.

తమ్ముడు గుమ్మంలో నిలబడి, "రాసుకో అక్కా, బాగా రాసుకో. నేల నీ పేరున ఉంది. నీ మెడకు కూడా చుట్టుకుంటుంది" అన్నాడు.

"చుట్టుకోనీరా" అని, వాడి ఎదుటే ఒప్పుదల కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాను. "నా నేల మీద ఆ గోడ కింద ఎవడూ దిగడు. చెప్పు నీ ఆఫీసరుకి." వాడు ఆ ముక్కల వైపు చూసి, నన్ను బస్సులో రమ్మని చెప్పి, కారెక్కి పోయాడు.

చివర ఇంకో పేరా రాశాను. "సోమవారం నేను నరసరావుపేట పోయి, భూమి యజమాని సుభాషిణిగారికి ఈ సంగతి చెప్పినాను. ఆమె ఇంజనీరు కాగితాన్ని నమ్మి నన్ను పంపించివేసినారు." నా పేరు నా చేత్తో రాసుకున్నాను. నిజం చెబుతున్నా, ఆ క్షణంలో నా మీద నాకు కాస్త గౌరవం కూడా కలిగింది. తమ్ముణ్ణి ఎదిరించాను, నన్ను నేను వదల్లేదు, ఇంకేం కావాలి అనుకున్నాను. మూడు పేజీలూ సరిచేసి, ఇంకు ప్యాడ్ తెరిచి పిచ్చియ్య ముందు పెట్టాను.

అతను వేలు చాచలేదు. కోడలి వైపు చూశాడు. ఆ పిల్ల వచ్చి కాగితాలు తీసుకుని, అరుగు చివర కూర్చుని, వాక్యం కింద వాక్యం వేలు పెట్టి చదవసాగింది. ఎంతసేపటికీ అవలేదు. ఆఖరి బస్సు తప్పుతుందేమోనని నాకు చిరాకేసింది.

"నన్ను నమ్మవా మహేశ్వరీ?"

"ఒక కాగితం చదివి మొగుణ్ణి పంపించానమ్మా. ఇది పూర్తిగా చదవకుండా మావ చేత వేలు పెట్టనియ్యను."

చివరి పేరా దగ్గర ఆ పిల్ల వేలు ఆగింది.

"ఇక్కడ ఒక మాట తక్కువైంది."

"ఏ మాట?"

"గోడ పలకట్లేదని మావ చెప్పినప్పుడు మీరన్న మాట."

నాకు వెంటనే గుర్తొచ్చింది. అసలు మరిచిపోతే కదా. ఇందాక మజ్జిగ ఇచ్చానని మీకు చెప్పినప్పుడు కూడా ఆ మాట మింగేశాను. ఫోన్ పెట్టేసి, కాగితం ఫోటో చూసుకుంటూ, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, రాయి పలికినా పలక్కపోయినా నీకొకటే గదయ్యా పిచ్చియ్యా" అని నవ్వాను. అతనికి వినపడదు గదా అనుకున్నాను.

"మావకి వినపళ్లేదమ్మా. మీ పెదాలు చూశాడు" అంది మహేశ్వరి. "బస్సులో ఒక్క మాట మాట్లాళ్లేదు. ఇంటికొచ్చాక మా ఆయన అడిగితే నేనే చెప్పా, అమ్మగారు ఇట్టా అన్నారని. అంత చదువుకున్నామె అట్టా అందంటే నిజంగానే నాన్నకి తెలియట్లేదేమోనే, మనమే ఎనిమిది మందిని కూర్చోబెట్టి తిండి చెడగొడతన్నామేమో అన్నాడు. అప్పటిదాకా వాళ్ల నాన్న మాటంటే మాటే ఆయనకి. ఆ కాగితం చూసి దిగలేదమ్మా ఆయన. మీ మాట విని దిగాడు."

ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు. తమ్ముడు వెళ్లిపోయాడు. పిచ్చియ్య మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. మహేశ్వరి కాగితం నా ఒళ్లో పెట్టి, కలం చేతికిచ్చింది.

"రాయండి. ఆయనన్నది కూడా."

రాశాను. నేను నవ్విన సంగతి కూడా రాశాను. ఆ నాలుగు వాక్యాలకు మూడు పేజీల కంటే ఎక్కువ సేపు పట్టింది. మహేశ్వరి వేలు పెట్టి రెండుసార్లు చదివింది. తర్వాత మామ బొటనవేలు పట్టుకుని ప్యాడ్ మీద అద్ది, ఆ వాక్యాల కింద ఒత్తించింది.